ఎడమ దిక్కు మట్టలు

ఆ ఎండాకాలానికి ముందు మా ఇంట్లో వస్తువులన్నీ ఒక్కొక్కటిగా కుడివైపుకు జరిగాయి. నీళ్ల బిందె జరిగింది, బాపు కూర్చునే పీట జరిగింది, గోడకు మోకు తగిలించే మేకు కూడా జరిగింది. పిల్లలకు "కళ్లు తెరిచి చూడండి, చూసింది రాయండి" అని రోజూ పాఠం చెప్పే నాకు మాత్రం ఒక్కటీ కనిపించలేదు.

మాది సిద్దిపేట నుంచి తొగుట పోయే దారిలో ఒక ఊరు. అక్కడి హైస్కూల్లో నేను కంప్యూటర్ టీచర్ని. బడి ప్రహరీ అవతలే తాటివనం ఉంటుంది. అందులో పద్నాలుగు చెట్లు మా బాపు పర్శరాములువి, అంటే కల్లుగీత సంఘం ఆయన వంతుకు ఇచ్చినవి. ముప్పై ఏళ్లుగా పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఆ చెట్లెక్కి కల్లు దించడమే ఆయన పని. ఇంట్లో బాపు, అమ్మ, నేను, అంతే.

జనవరిలో నన్ను హైదరాబాదులో ఐదు రోజుల శిక్షణకు పంపారు. డిజైన్ థింకింగ్ అట. పేరు వినగానే ఇంకో కొత్త తలనొప్పి అనుకున్నాను గానీ మూడో రోజుకు మనసు పడింది. విషయం చాలా తేలిక. ఒక వస్తువు చేసే ముందు అది ఎవరి కోసమో వాళ్ల దగ్గరికి వెళ్లాలి, చూడాలి, వినాలి. చిన్నగా ఒకటి చేసి వాళ్ల చేతికే ఇవ్వాలి. వాళ్లు తడబడుతుంటే పక్కన నోరు మూసుకుని నిలబడాలి. తడబడిన చోట మళ్లీ మార్చాలి. పిల్లల చేత వీడియో గేమ్ చేయించి ఇదంతా నేర్పమన్నారు. మార్చి నెల చివర సిద్దిపేటలో జరిగే ప్రదర్శనకు బాగున్న ఆటల్ని పెడతామన్నారు. నేను వచ్చిన మర్నాడే బోర్డు మీద ఒక మూలన పెద్ద అక్షరాలతో రాశాను: "ఆడేవాడు పడిపోతే తప్పు వాడిది కాదు, ఆటది." ఆ వాక్యం నా సొంతం. దాన్ని చూసుకుని కొన్నాళ్లు మురిసిపోయాను కూడా.

ఎనిమిదో తరగతి వాళ్లు మొదట తుపాకుల ఆట చేస్తామన్నారు. తర్వాత కార్ల ఆట అన్నారు. ఎవరి కోసం అని అడిగితే ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. చివరికి కృపాకర్ కిటికీలోంచి బయటికి చెయ్యి చూపించాడు. వాడు క్లాసులో అందరికంటే చురుకు, వాడి నోరు వాడికంటే చురుకు. కిటికీ అవతల మా బాపు చెట్టు దిగుతున్నాడు.

"తాతకు చేద్దాం మేడం. చెట్టెక్కే ఆట, తాతనే ఆడాలె" అన్నాడు.

ఇక వారం రోజులు పిల్లలు బాపు వెంట పడ్డారు. ఆయన మురిపెం చూడాలి. చెట్టు చుట్టూ నడుము చుట్టూ కలిపి వేసుకునే మోకును విప్పి, చుట్టి, మళ్లీ విప్పి చూపించాడు. కత్తులు పెట్టుకునే ముస్తాదును కృపాకర్ నడుముకు కట్టి నవ్వాడు. చెట్టు పైన పచ్చి మట్ట మీదే కాలు పెట్టాలని, ఎండు మట్ట మీద పెడితే అది విరిగి మనిషి నేల మీదికి వస్తాడని చెప్పాడు. ఆయన మళ్లీ ఎక్కినప్పుడు పిల్లలు కింది నుంచి "తాతా" అని కేకేశారు. కల్లు పట్టే మట్టి లొట్లు సర్దుతున్న అమ్మ పరుగున వచ్చి వాళ్ల నోళ్లు మూయించింది. చెట్టు మీదున్నోన్ని పిలువద్దు అంది. పిలిస్తే తల తిప్పుతాడు, తల తిప్పితే పట్టు తప్పుతాడు. మా గీత పనివాళ్ల ఇళ్లలో ఆడవాళ్లు పిల్లలకు మాటలతో పాటు నేర్పే మాట ఇది. ఇల్లు అంటుకున్నా సరే, మనిషి దిగేదాకా కింద నోరు మూసుకుని నిలబడాల్సిందే.

పిల్లల్లో ఎస్తేర్ అని ఒక అమ్మాయి ఉంది. మాట్లాడదు, రాస్తుంది. ఆ వారం చివర తన నోట్‌బుక్కు తెచ్చి నాకు చూపించింది. తాత పైకెక్కాక ప్రతి మట్టను కత్తి వెనక భాగంతో కొట్టి, ఆ చప్పుడు విని, తర్వాతే కాలు పెడుతున్నాడని రాసింది. ఆటలో ఆ చప్పుడు పెడదామని అడిగింది. నేను వద్దన్నాను. టైం లేదు, ఉన్నవి మూడు పాత ల్యాప్‌టాప్‌లు, అందులో ఒకదానికి చప్పుడే రాదు. బాపు మట్టలు కొట్టి చూడటం నా చిన్నతనంలో ఎన్నడూ లేదే అన్న ఆలోచన నాకు తట్టనే లేదు. మంచి టీచర్నని నాకు నేనే అనుకునేదాన్ని.

ఫిబ్రవరి చివరి శనివారం ఆట తయారైంది. బాపు పొద్దటి చెట్లు ముగించుకుని, ఇంటికి పోయి తలంటుకుని, తెల్ల అంగీ వేసుకుని బడికి వచ్చాడు. నలభై మంది పిల్లలు చుట్టూ నిలబడ్డారు. తెర మీద తాటిచెట్టు, నడుముకు మోకుతో చిన్న మనిషి. చెట్టు తలలో రెండు పక్కలా మట్టలు. ఆకుపచ్చవి పచ్చివి, గోధుమ రంగువి ఎండువి. బాణం గుర్తుల మీటలు నొక్కుతూ మంచి మట్టల మీదుగా లొట్టి దాకా వెళ్లాలి.

బాపు రెండు నిమిషాల్లో మీటలు పట్టేశాడు. బొమ్మ మనిషి సరసర ఎక్కాడు. పైకి చేరాక ఎడమవైపు ఎండు మట్ట మీద కాలు పెట్టి దబ్బున పడ్డాడు. పిల్లలు నవ్వారు, బాపు కూడా నవ్వాడు. రెండోసారీ అక్కడే పడ్డాడు. కృపాకర్ రంగులు తెలియడం లేదేమోనని ఎండు మట్టల్ని ఎర్రగా మార్చాడు. మళ్లీ అక్కడే పడ్డాడు. ఆట వేగం తగ్గించారు, అయినా పడ్డాడు. అప్పటికి గదిలో ఎవరూ నవ్వడం లేదు.

"ఎండుమట్ట ఏడున్నదిరా?" అన్నాడు బాపు.

కృపాకర్ చెప్పబోయాడు. నేను పెదవుల మీద వేలు పెట్టాను. సాయం చేయకూడదు, చూడాలి, అది రూలు. బాపు నా వైపు చూశాడు. ఆ చూపులో చిన్నపిల్లాడి భయం ఉంది. ఆయన ముఖంలో భయం నేను అంతవరకు చూసి ఉండలేదు, అందుకే అది భయమని గుర్తుపట్టలేదు. చెమట తుడుచుకుని ఐదోసారి ఆడాడు. ఐదోసారీ పడ్డాడు.

నేను కుర్చీ లాక్కుని కూర్చుని ఆటను మార్చేశాను. ఎడమవైపున్న ఎండు మట్టలన్నీ తీసి కుడివైపు పెట్టాను. ఐదు నిమిషాల పని. ఈసారి బొమ్మ మనిషి ఒక్క తప్పు లేకుండా వెళ్లి లొట్టి అందుకున్నాడు. పిల్లలు చప్పట్లతో గది మోతెక్కించారు. అందరికంటే గట్టిగా కొట్టింది నేనే.

బాపు మీటల మీద నుంచి చేతులు తీయలేదు.

"మట్టలు జరిపిన్రా బిడ్డా?" అన్నాడు.

"ఆటను మంచిగ చేసినం బాపు. తప్పు నీది గాదు" అన్నాను. బోర్డు వైపు చూపించాను కూడా. ఆయన ఆ వాక్యాన్ని కూడబలుక్కుంటూ చదివాడు. లేచాడు. బయటికి వెళ్తుంటే ఎడమ భుజం తలుపు చెక్కకు తగిలింది. గట్టిగానే తగిలింది, నాకు వినిపించింది. ఆయన ఆగలేదు.

అందరూ వెళ్లిపోయాక ఎస్తేర్ తన కాగితం ఇవ్వడానికి నిలబడింది. ఆడేవాళ్లు ఎక్కడ తడబడ్డారో రాసే కాగితం అది.

"ఐదుసార్లు పడ్డడు మేడం. ఐదుసార్లు ఎడమదిక్కే. కుడిదిక్కు ఒక్కసారి గూడ పడలే" అంది.

అందుకే కదా జరిపింది అన్నాను.

"ఆటల మనం జరిపినం. తాతకు నిజం చెట్టు మీద ఎవరు జరుపుతరు మేడం?"

ప్రదర్శనకు పోయేది ఆట, చెట్టు కాదని కసురుకున్నాను. ఆ పిల్ల నోట్‌బుక్కు మూసుకుని వెళ్లిపోయింది. ఆ కసురు తలచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. కసిరింది ఎందుకంటే, ఆ ప్రశ్న చెవిలో పడ్డప్పుడే తలుపు చెక్కకు తగిలిన భుజం చప్పుడు నాకు గుర్తొచ్చింది.

శనివారం ఒంటిపూట. ఇంటికి వెళ్లేసరికి బాపు అన్నం ముందు కూర్చుని ఉన్నాడు. నేను ఎదురుగా కూర్చున్నాను. ఆయన కంచంలో కుడి సగం తిన్నాడు. ఎడమ సగంలో అన్నం, వంకాయకూర అట్లాగే ఉన్నాయి. అమ్మ పచ్చిపులుసు పోయడానికి వచ్చి, పోస్తూ పోస్తూ రెండో చేత్తో కంచాన్ని సగం తిప్పింది. ఆయన మిగిలిన సగం తినడం మొదలుపెట్టాడు. అమ్మ అట్లా కంచం తిప్పడం నేను నాలుగైదు నెలలుగా చూస్తూనే ఉన్నాను. ఆమెకదొక అలవాటు అనుకున్నాను.

చెంబులోంచి గ్లాసులో నీళ్లు పోసి బాపుకు ఎడమవైపు పెట్టాను. కావాలనే పెట్టాను. ఆయన రెండు ముద్దలు తిని, పొలమారి, కుడివైపు వెతికాడు.

"నీళ్లియ్యరాదే" అన్నాడు అమ్మతో.

గ్లాసు ఆయన మోకాలికి జానెడు దూరంలో ఉంది. నేను పలకలేదు. పొద్దున బడిలో పలకనట్టే ఇక్కడా పలకలేదు. అమ్మ నన్ను ఒక్క చూపు చూసింది. వంగి గ్లాసు తీసి ఆయన కుడిచేతికి అందించింది. ఇద్దరి ముఖాల్లోనూ కొత్తదనమేమీ లేదు.

బాపు బయట మంచం మీద నడుం వాల్చాడు. నేను పెరట్లోకి వెళ్లి, గిన్నెలు తోముతున్న అమ్మ ముందు కూర్చున్నాను.

"ఎప్పటిసంది అమ్మా?"

అమ్మ గిన్నె మీంచి చూపు తీయలేదు. "దసరా సంది. తలకాయ నొస్తుందని ఒకనాడు పండుకున్నడు గదా. లేచినంక ఎడమదిక్కు తెర కట్టినట్టున్నదన్నడు. నాలుగొద్దులైతే తగ్గుతదన్నడు."

దవాఖానకు ఎందుకు తీసుకుపోలేదని, నాకెందుకు చెప్పలేదని అడిగాను. గొంతు పెరిగింది. అమ్మ తడి చెయ్యి నా నోటికి అడ్డం పెట్టింది.

"చెప్తే నువ్వు ఊకుంటవా? సంఘంల తెలిస్తే చెట్లు తీస్కుంటరు. చెట్లు పోతే ఆయన మనిషి గాడు. నేను బిందె జరిపిన, పీట జరిపిన. నాకు చేతనైంది గదే బిడ్డా" అంది.

అమ్మ మీద కోపం రావాలి. రాలేదు. నలభై మంది పిల్లల ముందు పొద్దున నేను చేసిందీ అదే కదా. అమ్మ ఐదు నెలలు జరిపింది, నేను ఐదు నిమిషాల్లో జరిపి చప్పట్లు కొట్టించాను. ఇంకా చదువుకున్నదాన్ని.

బాపుతో ఇప్పుడే మాట్లాడతానని లేచి వచ్చేసరికి మంచం ఖాళీగా ఉంది. గోడకు మోకు లేదు. ఎప్పుడూ నాలుగింటికి పోయే మనిషి రెండున్నరకే పోయాడు.

చెప్పులు వేసుకోవడం కూడా మరిచి వనంలోకి పరుగెత్తాను. ఎండుటాకులు కాళ్లకు గీసుకుంటున్నాయి. మొదటి చెట్టు దగ్గర లేడు. రెండో చెట్టు దగ్గర లేడు. బావి పక్కన అన్నింటికంటే పొడుగు చెట్టు మొదట్లో ఆయన చెప్పులు కనిపించాయి. తల ఎత్తితే బాపు సగం పైన ఉన్నాడు.

"బాపూ" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. రెండు చేతులతో నోరు నొక్కుకున్నాను. పిలిస్తే తల తిప్పుతాడు. ఎడమదిక్కు కనపడాలంటే ఇంకా ఎక్కువ తిప్పాలి.

మోకు జరుపుతాడు, కాలు జరుపుతాడు, మళ్లీ మోకు. పైకి చేరాడు. అప్పుడు వినిపించింది, టక్ టక్ మని. కత్తి వెనకతో మట్టను కొట్టి చెవి పెట్టి వింటున్నాడు. ఎస్తేర్ రాసిన చప్పుడు. నేను వద్దన్న చప్పుడు. ఒక మట్టను కొట్టి వదిలేశాడు. ఇంకోదాన్ని కొట్టి కాలు పెట్టాడు. ఇంకోదాన్ని కొట్టాడు. ఎడమదిక్కు. కాలు పెట్టాడు.

మట్ట విరిగింది. పెళ్లున విరిగి, చెట్టు బోదెకు కొట్టుకుంటూ వచ్చి నా ముందు రెండు గజాల దూరంలో పడింది. నేను పైకి చూస్తూనే ఉన్నాను. బాపు ఒంటి చేత్తో ఒక మట్టను పట్టుకుని మోకు మీద వేలాడుతున్నాడు. కాళ్లు గాలిలో వెతుకుతున్నాయి. ఎంతసేపో నాకు తెలియదు. చున్నీ కొసను నేను కొరికిన చోట తర్వాత చూస్తే చిరుగు పడి ఉంది. చివరికి కుడికాలు బోదెకు తగిలింది. ఆయన చెట్టును కరుచుకుని కదలకుండా ఉండిపోయాడు.

ఒక్కసారి కూడా కిందికి చూడలేదు. ఊపిరి కుదుటపడ్డాక మెల్లగా లొట్లు విప్పడం మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, మూడు. కల్లు దించేటప్పుడు ఆయన నిండిన లొట్టి తీసి, ఖాళీది కట్టి వస్తాడు. ఖాళీవి ఆయన నడుముకు ఉన్నాయి. వాటిని కట్టలేదు. అన్నీ తీసుకుని దిగాడు. నేను పుట్టిన తర్వాత, చెట్లకు కల్లు పారే కాలంలో ఆ చెట్టుకు లొట్టి లేకపోవడం అదే మొదలు.

నేల మీద కాలు పెట్టాక నన్ను చూశాడు. చూడటానికి తలంతా తిప్పాడు.

"ఎప్పుడొచ్చినవ్?"

"నువ్వు సగం మీదున్నప్పుడు."

"పిలువలే?"

నేను తల అడ్డంగా ఊపాను. ఆయన విరిగిన మట్టను చేతిలోకి తీసుకుని వేలితో కొట్టి చూశాడు.

"పచ్చిమట్ట లెక్కనే పలికింది" అన్నాడు. దాన్ని పక్కకు పడేసి మోకు చుట్టుకున్నాడు. "కడమ చెట్ల లొట్లు నర్సయ్యను దింపుమని చెప్తా. నడువు."

నర్సయ్య గీత సంఘానికి పెద్ద, బాపుకు చిన్ననాటి జోడీ. బాపే ఆయన ఇంటికి వెళ్లి చెప్పి వచ్చాడు. వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకున్నారో మాకు తెలియదు. రెండు రోజుల్లో చెట్లు వేరేవాళ్ల వంతుకు వెళ్లాయి. సోమవారం సిద్దిపేట దవాఖానలో పరీక్షలన్నీ చేసి, కళ్లల్లో ఏమీ లేదని, మెదడులో చిన్న నరం మూసుకుపోయిందని డాక్టర్ చెప్పాడు. పోయిన చూపు రాదు, ఇంకోసారి రాకుండా మందులు వాడాలి, చెట్టు మాట మరిచిపోవాలి. దసరాకే తీసుకొస్తే బాగుండేదన్నాడు. అమ్మా నేనూ నేల చూపులు చూశాం.

బాపు పది రోజులు మాతో సరిగ్గా మాట్లాడలేదు. పొద్దున నాలుగింటికి లేచి వాకిట్లో కూర్చునేవాడు. వేరేవాళ్ల చేతి చప్పుళ్లు వనంలోంచి వస్తుంటే వినేవాడు. ఇల్లు దవాఖాన వరండాలాగా ఉండేది. అమ్మ నన్ను, నేను అమ్మను, నేను అమ్మకు చెప్పిన ఎస్తేర్ ప్రశ్నను ఇద్దరం మనసులోనే తిట్టుకున్నాం. ఆ ప్రశ్న అడక్కపోతే ఆయన కనీసం నవ్వుతూ ఉండేవాడు కదా అని నాకు ఒక్కోసారి అనిపించింది. ఎన్నాళ్లు నవ్వేవాడో అన్నది వెంటనే గుర్తొచ్చేది.

పదకొండో రోజు పొద్దున లేచి చూస్తే నీళ్ల బిందె మునుపటి జాగాలో ఉంది. పీట ఎడమవైపు గోడకు ఉంది. బాపు సుత్తి పట్టుకుని మోకు మేకును పాత బెజ్జంలోనే కొడుతున్నాడు.

"ఇగ జరుపకుర్రి. నేనే తల తిప్పుకుంట" అన్నాడు.

మధ్యాహ్నం అన్నం తింటూ తన కంచం తానే తిప్పుకున్నాడు. అమ్మ పులుసు గంటె పట్టుకుని అట్లాగే నిలబడి చూసింది. ఆ సాయంత్రం బాపు పిలవకుండానే బడికి వచ్చి ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. ఎండు మట్టల్ని మళ్లీ ఎడమదిక్కు పెట్టమన్నాడు. కృపాకర్ నా ముఖం చూశాడు, నేను పెట్టమన్నాను. ఆ తర్వాత ఎస్తేర్ దగ్గరికి వెళ్లి, ఆ చప్పుడు పెడదామా అని అడిగాను. ఆ పిల్ల నన్ను క్షమించిందో లేదో తెలియదు గానీ, నోట్‌బుక్కు తెరిచి ఆ పేజీ తీసి ఇచ్చింది. బాపు రోజూ వచ్చి పచ్చిమట్టలు, ఎండుమట్టలు తెచ్చి కొట్టి వినిపిస్తే, పిల్లలు ఫోన్లో రికార్డు చేసి ఆటలో పెట్టారు. పచ్చిదానిలా పలికి విరిగే మట్ట కూడా ఒకటి పెట్టించాడు. బోర్డు మీది నా వాక్యాన్ని నేనే తుడిచేశాను.

మార్చి నెలాఖరులో సిద్దిపేటలో ప్రదర్శన. మా ఆటకు బహుమతి రాలేదు. కానీ సంఘం వాళ్లు పదిమంది రెండు ఆటోల్లో వచ్చి, అందరూ వరుసగా నిలబడి ఆడారు. నర్సయ్య వంతు వచ్చింది. ముప్పై ఏళ్ల పనితనం కదా, తెర మీది మనిషిని ఊపు మీద ఎక్కించాడు. పైకి చేరాక మట్టల్ని కొట్టి చూడకుండానే ఎడమదిక్కుకు కాలు చాచాడు. పక్కనే ఉన్న కృపాకర్ ఆగలేక, నర్సయ్య తాతా అని గట్టిగా పిలవబోయాడు.

బాపు వాడి భుజం మీద చెయ్యి వేశాడు.

"చెట్టు మీదున్నోన్ని పిలువద్దురా" అన్నాడు మెల్లగా.

అది కింద నిలబడేవాళ్లు అనే మాట. బాపు నోట నేను వినడం అదే మొదటిసారి.